ఆనంద వృక్షం, నరక్యా చెట్టు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి అయిన ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



షోలాపూరులో మగ్గం చప్పుడు, బీడీ ఆకు వాసన ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. మా అత్తయ్య బీడీలు చుట్టిన కూలితోనే నేను ఈ బడిలో చదువుకొన్నాను. ఆ బీడీలే కాల్చిన మా మేనమామ ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయారు. కళ్లెలో నెత్తురు పడుతున్నా ఆరు నెలలపాటు ఏదో మూలికల పొడిని నమ్ముకొని ఆసుపత్రి గడప తొక్కలేదు. చెట్టు మందు చెరుపు చేయదని ఆయన వాదన. అందుకే నేడు ఒక చెట్టు కథ చెప్పదలచుకొన్నాను.

దక్షిణ చైనాలో 'షీషూ' అనే చెట్టు ఉన్నది. ఆనంద వృక్షమని దాని అర్థం. అక్కడి సంప్రదాయ వైద్యంలో దానికి చిరకాలంగా స్థానమున్నది. అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాణీ అనే రసాయన శాస్త్రజ్ఞులు దాని కలప నుండి కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేసి 1966లో ప్రకటించారు. వాణీగారు మన మహారాష్ట్రలోని నందుర్బారులో జన్మించినవారు. 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ గార్లు అదే పదార్థం మన సహ్యాద్రి అడవుల్లోని మరొక చెట్టులోనూ ఉన్నదని కనుగొన్నారు. దుర్వాసన గల ఆ చెట్టును మరాఠీవారు 'నరక్యా' అంటారు. ఒకే మందు, ఒకచోట ఆనందం, ఒకచోట నరకం!

పేరులోని ఆ నరకం రోగులకూ అనుభవమైనది. నీటిలో కరిగే లవణంగా మార్చి 1970 ప్రాంతాలలో ఇచ్చి చూస్తే మూత్రాశయం నుండి రక్తస్రావమైంది, రక్తకణాలు క్షీణించాయి. ప్రయోగాలు ఆపవలసివచ్చింది.

అది పనిచేసే తీరు 1985లో తెలిసింది. నేతవారి పిల్లలకు ఇది సులభంగా బోధపడుతుంది. కణంలోని డీఎన్ఏ రెండు పోగులు పేనిన నూలు వంటిది. నకలు తీయడానికి పోగులు విడదీసేకొద్దీ ముందువైపు పురి బిగుసుకొంటుంది. టోపోఐసోమెరేజ్-1 అనే ఎంజైము ఒక పోగును తెంపి, పురి వదిలించి, మళ్లీ అతుకుతుంది. కాంప్టోథెసిన్ ఆ అతుకు పడనీయదు. నకలు తీసే యంత్రాంగం వచ్చి ఆ తెగిన చోట తగిలేసరికి నూలే తెగి కణం చనిపోతుంది. వేగంగా పెరిగే క్యాన్సరు కణాలకు దెబ్బ ఎక్కువ. మూలుగలోని మంచి కణాలకూ తప్పదు.

ఆ అణువును సవరించి చేసిన టోపోటెకాన్‌ను, తిరగబెట్టిన స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తుల క్యాన్సరుకు 1998లో అమెరికాలో అనుమతించారు. అప్పటికి 32 ఏళ్లు గడిచాయి. 2006లో వెలువడిన ఒక పరీక్షలో, దాని మాత్రలు వాడినవారి మధ్యస్థ జీవితకాలం 26 వారాలు. ఉపశమన చికిత్స మాత్రమే పొందినవారిది 14 వారాలు. ఇంతేనా అని మీరడగవచ్చు. మా మామయ్యకు కూతురి పెళ్లి చూడడానికి తొమ్మిది వారాలు తక్కువైనాయి.

దగ్గు మూడు వారాలు దాటినవారు, కళ్లెలో నెత్తురు చూసినవారు ఈ సభలో ఉంటే, భోజనాల తరువాత పాత ఏడవ తరగతి గదిలో కూర్చొని ఉంటాను, రండి. వాడుతున్న పొడి ఏదైనా ఉంటే దాచక వెంట తీసుకొని రండి. జేబులో బీడీ కట్ట ఉన్నా సంకోచించవద్దు.