తిమింగలము చేప కాదు

మచిలీ యనగా హిందూస్తానీలో చేప. అట్టి పేరుగల మచిలీపట్టణమున, గిలకలదిండి రేవులో వల బాగుచేసికొనుచున్న యొక వృద్ధుని, "తాతా, తిమింగలము చేపయేనా?" అని మేము అడిగితిమి. "నీళ్లలో పుట్టి నీళ్లలో తిరిగేది చేప కాక ఇంకేమవుద్ది బాబూ?" అని ఆయన నవ్వెను.

అట్లనుకొనుట సహజమే. కాని తిమింగలమునకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులు కలవు. గాలి పీల్చుటకై అది నీటిపైకి రావలెను. నీటి యడుగున వలలో చిక్కినచో ఊపిరాడక చనిపోవును. దాని రక్తము వెచ్చనిది. అది పిల్లను కని పాలిచ్చును.

నీలి తిమింగలమును మించిన జంతువు లోకమున లేదు. అది దాదాపు 100 అడుగుల వరకు పెరుగును. అయినను దాని యాహారము వ్రేలెడు పొడవైనను లేని రొయ్యలవంటి జీవులు. దానికి పళ్లకు బదులు జల్లెడవంటి పలకలు కలవు. నోటినిండ నీరుపట్టి, ఆ పలకలగుండ నీటిని వెలికి నెట్టి, మిగిలిన జీవులను మ్రింగును.

గుడివాడ ప్రాంతమున చేపలచెరువులు పెంచువారికి ఒక లెక్క తెలియును. ఒక్క శీలావతి చేప ఒక ఋతువున లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. నీలి తిమింగలమో, రెండు మూడేండ్ల కొక్క పిల్లను మాత్రమే కనును. దానిని ఆరేడు మాసములు పాలిచ్చి పెంచును. చెరువును పట్టిన వెనుక మరల పిల్లలను వదలవచ్చును. సముద్రమున తిమింగలములను వదలువా రెవ్వరు?

ఇరువదవ శతాబ్దమున వేటగాండ్రు సుమారు 29 లక్షల తిమింగలములను చంపిరని శాస్త్రజ్ఞుల యంచనా. అంతర్జాతీయ తిమింగల సంఘము 1979లో హిందూ మహాసముద్రమును వానికి రక్షిత ప్రాంతముగ ప్రకటించెను. 1986 నుండి వ్యాపారపు వేటను ఆపివేసెను. కొన్ని దేశములు మాత్రము దీనికి కట్టుబడలేదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తిమింగలములను కాపాడుచున్నది.

అయితే వలకు చట్టము తెలియదు. చిక్కిన ప్రాణిని విడువవలెనన్న వల కోయవలెను. వల పోయినచో జాలరి కుటుంబమునకు కూడు పోవును. మహారాష్ట్రమున 2018లో, రక్షిత ప్రాణిని విడుచుటకై వల కోసికొన్న జాలరికి పరిహార మిచ్చు పద్ధతి ప్రారంభమైనది. అట్టి యండ ప్రతి తీరమునను ఉండవలెను.

హంసలదీవిలోగాని బందరు తీరమునగాని తిమింగలము బ్రతికి యొడ్డునకు వచ్చినచో, గుంపుగ మీద పడక అటవీశాఖవారికి కబురు చేయుడు. దాని చర్మ మెండకుండ తడిగుడ్డ కప్పుడు. తలమీది రంధ్రమును మాత్రము కప్పవలదు. అదే దాని ముక్కు.

ఈ సంగతులు చెప్పగా ఆ వృద్ధుడు కొంతసేపు వల చేతబట్టుకొని యూరకుండెను. పిదప, "పాలిచ్చేదంటే కోసి వదలక తప్పదు బాబూ. కొత్త వల మాట ఎవరైనా చూస్తే బాగుండు" అనెను.