కోదాడ నుంచి తెర దాకా: నవ్వించే పనిలోకి ఆడపిల్లకు తోవ ఉందా?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఒక హాస్యనటుడి ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కూలి రేట్లు, భూమి, గృహహింస, ఇవే మన రోజువారీ విషయాలు. కానీ నవ్వించడం కూడా ఒక పనే. దానికీ కూలి ఉంది, పనిచోటు ఉంది, ఆ పనిలోకి వెళ్లే తోవ ఉంది. ఆ తోవ ఎవరికి తెరిచి ఉంది, ఎవరికి మూసి ఉంది అన్నది మనం అడగవలసిన ప్రశ్నే.

మన కోదాడలో పుట్టిన వేణుమాధవ్ జీవితాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మిమిక్రీకి దేశమంతా పేరు తెచ్చిన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ వేరు, ఈయన వేరు. అయితే ఈయన మొదలుపెట్టింది కూడా మిమిక్రీతోనే. గొంతులు అనుకరించడం, చేతిలో బొమ్మ పెట్టుకుని పెదవి కదలకుండా దాని చేత మాట్లాడించడం ఆయన తొలి విద్యలు. ఊళ్లలో ప్రదర్శనలు ఇచ్చారు. ఆ ప్రదర్శనలే ఆయన్ని తెలుగుదేశం పార్టీ సభల దాకా తీసుకెళ్లాయి. ఎన్టీఆర్ దృష్టిలో పడ్డారు. హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని పార్టీ కార్యాలయంలో చిన్న ఉద్యోగం దొరికింది. ఉద్యోగం చేసుకుంటూనే ప్రదర్శనలు కొనసాగించారు. వాటిని చూసిన దర్శకుడు ఎస్.వి. కృష్ణారెడ్డి 1996లో ‘సంప్రదాయం’ సినిమాలో అవకాశం ఇచ్చారు. తర్వాత ‘తొలిప్రేమ’ (1998), ‘దిల్’ (2003), ‘సై’ (2004) వచ్చాయి. ‘హంగామా’ (2005)లో కథానాయకుడి స్థాయికి చేరారు. ‘లక్ష్మి’ (2006)కి నంది అవార్డు వచ్చింది. 2018 ఎన్నికల్లో కోదాడ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ కూడా వేశారు. 2019 సెప్టెంబర్ 25న చనిపోయారు.

సినిమా కుటుంబం అండ లేకుండా ఇంత దూరం వెళ్లిన మనిషి ఆయన. ఆ కష్టాన్ని, ప్రతిభను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నేను చూడమంటున్నది ఆయన నడిచిన తోవలోని మెట్లను. మొదటి మెట్టు ఊళ్లో వేదిక. రెండోది సభలూ మీటింగులూ, అంటే రాత్రిపూట పరాయి ఊళ్లకు ప్రయాణం. మూడోది పెద్దమనుషుల పరిచయం. నాలుగోది పట్నంలో కడుపు నింపే ఉద్యోగం. ఐదోది ఆ ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు తన కళకు కేటాయించుకోగల వెసులుబాటు. ఈ ఐదు మెట్లలో ప్రతి ఒక్కటీ బహిరంగ స్థలంలో ఉంది. ప్రతి మెట్టు మీదా చేయి అందించింది అంతకు ముందు పరిచయం లేని మనుషులే.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. మన తెలుగు హాస్యనటులు చాలామంది ఏదో ఒక ఉద్యోగం నుంచే తెర మీదికి వచ్చారు. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్. ఎం.ఎస్. నారాయణ భీమవరంలో లెక్చరర్. ఎ.వి.ఎస్. పాత్రికేయుడు. కొండవలస లక్ష్మణరావు విశాఖపట్నం పోర్టు ఉద్యోగి. ఉద్యోగం వాళ్లకు జీతం ఇచ్చింది, స్నేహితులను ఇచ్చింది. స్టాఫ్ రూములో సహోద్యోగులను అనుకరించి నవ్వించే లెక్చరర్‌ను అందరూ సరదా మనిషి అంటారు. అదే పని ఒక లెక్చరరమ్మ చేస్తే ఏమంటారో మీకు తెలుసు. మగవాడి గౌరవానికి నవ్వించడం అదనపు అలంకారం. ఆడదాని గౌరవానికి అదొక మచ్చ.

మరి తెలుగులో హాస్యనటీమణులు లేరా? ఉన్నారు. వాళ్లు వచ్చిన తోవను కూడా చూద్దాం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో నటించిన సురభి కమలాబాయి కుటుంబ నాటక సమాజం నుంచి వచ్చారు. సురభి సమాజాల్లో ఆడవాళ్లు వేదిక ఎక్కగలిగారంటే, వేదిక మీద అన్నదమ్ములూ భర్తలూ మామలూ ఉండడం ఒక ముఖ్య కారణం. 1980లలో జంధ్యాల సినిమాల్లో మనల్ని కడుపుబ్బ నవ్వించిన శ్రీలక్ష్మి నటుడు అమర్‌నాథ్ కూతురు. రమాప్రభ, తెలంగాణ శకుంతల నాటకరంగం నుంచి వచ్చారు. ఇవాళ్టి ఉదాహరణ గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి చేసుకుని బతికిన ఆమె, ‘మై విలేజ్ షో’ వీడియోలతో పేరు తెచ్చుకుని 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. ఆమెను కెమెరా ముందుకు తెచ్చింది అల్లుడు.

తేడా గమనించారా? మగవాడికి కొత్త మనుషులు తోవ చూపిస్తారు. ఆడదానికి ఎక్కువగా తండ్రో, అల్లుడో, నాటక సమాజమో గొడుగు పట్టాలి. ఆ గొడుగు లేని పిల్ల ఇంట్లోనే ఆగిపోతుంది. దీన్ని సిగ్గు, భయం, స్వభావం అని పేర్లు పెట్టి మనమే సర్దుకుంటున్నాం.

ప్రతిభ లేక ఆగిపోతున్నారని మాత్రం ఎవరూ అనలేరు. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ చుట్టుపక్కల నాట్ల సమయంలో ఏ గుంపు దగ్గరికైనా వెళ్లి చూడండి. మేస్త్రీ నడక, ఆసామి గొంతు, ఆఫీసరు మాట తీరు అచ్చుదించినట్టు చేసి చూపించే ఆడమనిషి ఒకరైనా ఉంటారు. నడుము నొప్పి మరిచిపోయేలా నవ్విస్తారు. బతుకమ్మ పాటల్లో అత్తామామల మీద, మొగుడి మీద ఎన్ని విసుర్లు ఉన్నాయి! మన సూర్యాపేట ప్రాంతంలోనే సాయుధ పోరాట కాలంలో మల్లు స్వరాజ్యం వంటి స్త్రీలు ఉయ్యాల పాటలను జనాన్ని కూడగట్టే ఆయుధంగా చేసుకున్నారు. గొంతు ఉంది, చమత్కారం ఉంది, ధైర్యం ఉంది. వాటికి డబ్బు వచ్చే వేదిక మాత్రం లేదు. పొలంలో నవ్విస్తే అది కాలక్షేపం, మైకు ముందు నవ్విస్తే అది కళ.

నవ్వించే చోట స్త్రీలు లేకపోతే ఏమవుతుంది? నవ్వులపాలయ్యే చోట వాళ్లే మిగులుతారు. ‘కితకితలు’ (2006)లో భార్య లావు హాస్యానికి సరుకైంది. ‘చంటబ్బాయ్’ (1986)లో శ్రీలక్ష్మి పాత్ర గుర్తుందా? పత్రికా సంపాదకుణ్ని కవితలతో వేధించే గృహిణి. ఆమె నటనకు అందరం నవ్వాం, ఆ నైపుణ్యం గొప్పదే. కానీ ఆ నవ్వు దేని మీద? వంటింట్లో ఉన్న ఆడది రాయాలనుకోవడం మీద. ఆ పాత్రను ఒక స్త్రీ రాసి ఉంటే నవ్వు సంపాదకుడి మీదికి మళ్లేదేమో ఆలోచించండి.

ఇక మన ఊళ్ల సంగతి. కోదాడ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉంది. సూర్యాపేటా ఆ దారిలోనే ఉంది. మిర్యాలగూడకు రైలు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఇది మంచి మార్పు. కానీ ప్రోగ్రాం రాత్రి పదిన్నరకు ముగిస్తే ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి, ఎవరితో తిరిగి రావాలి? టికెట్టు డబ్బులు మిగిలినా ఈ ప్రశ్న మిగిలే ఉంది. ఆడపిల్ల ఎవరితో నడిచిందన్నది ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి మనకు కొత్త కాదు. 2018లో మిర్యాలగూడలో పరువు పేరుతో పట్టపగలు జరిగిన హత్యను ఎవరం మరిచిపోలేదు. అలాంటి చోట ‘ప్రతిభ ఉంటే ఎవరైనా పైకి రావచ్చు’ అనడం సగం నిజమే.

అడ్డంకులు దాటి వెళ్లిన వాళ్లకు ఎదురయ్యేది మరో గోడ. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి నిరసన తర్వాత సినిమా రంగంలో లైంగిక వేధింపుల మీద చర్చ బయటికి వచ్చింది. మహిళా కార్యకర్తలు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. పరిశ్రమలోని స్త్రీలు ‘వాయిస్ ఆఫ్ విమెన్’ పేరుతో ఒక వేదిక ఏర్పరుచుకున్నారు. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెలువడ్డాక, తెలంగాణ ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టాలని నటి సమంత కోరారు. ఆ చర్చలో పెద్ద తెర గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. జాతరల్లో రికార్డింగ్ డాన్సులు చేసే పిల్లలు, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా పాడేవాళ్లు, ప్రోగ్రాంలలో యాంకర్లుగా నిలబడేవాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్ల గురించి ఎవరు మాట్లాడాలి?

చట్టం వాళ్లను వదిలేయలేదు. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద రోజుకూలీ మీద, కాంట్రాక్టరు ద్వారా పనిచేసే స్త్రీ కూడా ఉద్యోగే. పదిమందికి తక్కువ పనిచేసే చోట సంస్థలో కమిటీ ఉండకపోతే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. యజమాని మీదే ఫిర్యాదు ఉన్నా అక్కడికే వెళ్లాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపల రాసివ్వాలి. సరైన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. రాయలేని స్త్రీకి రాయడంలో సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి.

అందుకని మీ ముందు మూడు పనులు పెడుతున్నాను. ఒకటి, సూర్యాపేట, నల్గొండ జిల్లాల స్థానిక కమిటీల సభ్యులెవరో, ఎప్పుడెప్పుడు కూర్చుంటున్నారో కలెక్టరేట్లలో అడిగి తెలుసుకుని ఊళ్లలో చెబుదాం. రెండు, ప్రదర్శనలతో బతికే స్త్రీలను కలిసి వాళ్ల కూలి, ప్రయాణం, బస గురించి వివరాలు సేకరిద్దాం. మూడు, మన సభల్లో ఉపన్యాసాలతో పాటు ఆడపిల్లల మిమిక్రీకి, హాస్యానికి అరగంట కేటాయిద్దాం. వాళ్లను క్షేమంగా ఇల్లు చేర్చే బాధ్యత మనం తీసుకుందాం. ఇచ్చే పారితోషికం కూడా ముందే మాట్లాడదాం, ఉచితంగా చేయమని అడగొద్దు.

వేణుమాధవ్‌కు తొలి రోజుల్లో దొరికింది ఒక మైకు, ఒక సభ, నెలనెలా ఒక జీతం. అవి పెద్ద వరాలేమీ కావు. మన పిల్లలకు కూడా అవే కావాలి.