కొలువులోని బుల్లి పటాలము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణము, పద్యపఠనము అయిన పిమ్మట బొమ్మలను గురించి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టినారు. నేను పండితుడను కాను. చేతితో చేసిన పనిని గురించి నాలుగు మాటలు మనవి చేసుకొందును.

గత దసరా కొలువులో మా యింట క్రింది మెట్టు మీద పాంచాలంకురిచి యుద్ధము పెట్టినాము. 1799 సెప్టెంబరులో మేజర్ బానర్మన్ సేన కట్టబొమ్మన కోటపైకి వచ్చిన ఘట్టమది. రెండు పక్షములకు కలిపి అరువది లోహపు బొమ్మలు, ఒక్కొక్కటి రెండంగుళములు.

అమ్మకానికి దొరకు సిపాయి బొమ్మలకు మూడు మూలల టోపీ, బిగుతు లాగు, బూట్లు. అవి ఐరోపా వేషములు. పాళెగారి బంటు ఎక్కడ దొరకును? అందుచేత ఒక బొమ్మ టోపీని ఆకురాయితో అరగదీసి, ఎం-సీల్ ముద్దతో తలపాగా చుట్టినాను. తుపాకి కోసివేసి ఇత్తడి తీగతో బల్లెము అమర్చినాను. మధురనుండి వచ్చిన మా మేనమామగారు చూచి, "పాళెగారి బంటుకు బూట్లేమిటిరా?" అని నవ్వినారు. అవీ అరగదీసినాను. ఆ బొమ్మనుండి అచ్చు తీసి, తక్కినవి ఇంటనే పోత పోసినాను.

కోయంబత్తూరులో పోతపనికి గురువులు కరవా? పంపుల ఫౌండ్రీలో పనిచేసిన పెద్దాయన ఒకరు, "అబ్బాయీ, నిప్పుకంటె తడికి భయపడు" అని హెచ్చరించినారు. నేను వినలేదు. ప్లాస్టరు అచ్చు పైకి ఎండినట్లే ఉన్నది. లోపలి తడి ఆవిరియై లోహము చిమ్మి నా మణికట్టు కాలినది. ఇప్పుడు అచ్చును నాలుగు దినములు ఎండబెట్టి, సన్నని సెగను కాచిన తరువాతనే పోయుదును. గాలి పోవుటకు అచ్చులో సన్నని గాడులు గీయవలెను. లేనిచో బల్లెము పట్టిన చేయి సగమే వచ్చును.

పూర్వము సీసము వాడెడివారు. అది 327 డిగ్రీలకు కరుగును. కాని విషము, పిల్లలకు మరీ చెరుపు. తగరము 232 డిగ్రీలకే కరుగును. ఖరీదెక్కువైనను తగరమే వాడుడు. కరిగించిన గరిటె వంటింటికి పోరాదు. పోత పోయునపుడు పిల్లలు దూరముగ ఉండవలెను.

రంగులు వేయు పని మాత్రము మా పదేండ్ల అబ్బాయిది. వాడు కంపెనీ బొమ్మల ముఖములన్నిటికి తెల్లరంగు పూయబోయినాడు. "ఆగరా, ఎర్రకోటు తొడిగినవారిలో చాలమంది ఈ దేశపువారే" అన్నాను. ఉత్తరదేశమున కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచెడివారు. తొలి సిపాయిలు తెలుగుసీమనుండి వెళ్లినందున ఆ పేరు. కట్టబొమ్మన ఇంట తెలుగు. కంపెనీకి తోడుపడిన ఎట్టయపురము పాళెగారి ఇంటను తెలుగే.

"అయితే నాయనా, మనవాళ్లు ఏ పక్కన?"

"రెండు పక్కలారా."

వాడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత గోధుమరంగు కలిపి, రెండు పక్షములకు అదే కుంచెతో పూసినాడు.

1799 అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీసిరి. మరుసటి యేడు జూన్ 3న మన కోయంబత్తూరులోనే కంపెనీ దళముపై దాడికి యత్నించి పాళెగారుల పక్షము విఫలమైనది. ఆ కూటమిలోని విరూపాక్షి గోపాలనాయకుని 1801లో ఉరితీసిరి. ఈ కథలను మన పిల్లలు బడిలో తమిళమున చదువుదురు. ఇంట తెలుగున చెప్పవలసినది మనము. చెప్పునపుడు మనకు గొప్ప తెచ్చు సగమే చెప్పి, రెండవ సగము దాచరాదు.

అచ్చులు కావలసినవారు మా యింటికి దయచేయుడు. పిల్లలను వెంట తీసికొని రండు.