అడుగులు, పలుకులు
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు బిడ్డ ఎదుగుదలను పిండివంటలతో గుర్తుపెట్టుకొనిరి. బోర్లాపడిన బొబ్బట్లు, కూర్చున్న కుడుములు, అడుగు వేసిన అరిసెలు, మాట పలికిన పంచదార చిలకలు పంచుట మన ఇండ్లలో ఉన్న ఆచారమే. మేము చూచినంతలో అరిసెలు ఇంకను పంచుచున్నారు, చిలకలను మరచిరి. నేడు మేము చెప్పదలచిన సంగతి కూడ అదే.

గృహదర్శనములలో మేము ఎక్కువగా వినునది నడకను గూర్చిన దిగులు. “అయ్యగారూ, ఎదురింటి పిల్ల పదకొండో నెలలోనే నడిచింది, మావాడికి పద్నాలుగు వచ్చినా గోడ వదలడు” అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో కలిపి 5 దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించినది. ఆరోగ్యముగా ఉన్న బిడ్డ 8 నెలలు మొదలు 17 నెలలు దాటువరకు ఎప్పుడైనను ఒంటరిగా నడక ఆరంభింపవచ్చునని అందులో తేలినది. కొందరు పారాడకయే లేచి నిలబడుదురు. నెలలు నిండక పుట్టిన బిడ్డకైతే, రెండేండ్లవరకు, కాన్పు కావలసియుండిన తేదీనుండి వయస్సు లెక్కింపవలెను. 18 నెలలు నిండినను నడవనియెడల వైద్యునికి చూపుడి. త్వరగా నడువవలెనని, కూర్చోబెట్టి వదలు చక్రాల వాకరు మాత్రము కొనవద్దు. అది నడక నేర్పదు, మెట్లమీదనుండి పడవేయును. కెనడా దేశము దానిని 2004లో నిషేధించినది. మన పాత మూడు చక్రముల కొయ్యబండి వేరు, దానిని బిడ్డ నిలబడి తోయును.

ఇక మాటలు. ఏడాదికి “అమ్మ”, “తాత” వంటి మాట ఒకటి రెండు, రెండేండ్లకు “పాలు కావాలి”, “తాతా రా” అని రెండు మాటలు కలుపుట సాధారణము. అంతకు ముందే పేరుపెట్టి పిలిచిన తిరిగిచూచును, కావలసినది వేలితో చూపును. ఇవి లేకపోయినను ఇంటిలో ఎవరో ఒకరు “వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి, మగపిల్లలకు ఆలస్యమే” అని సర్దిచెప్పుదురు. వినుటకు హాయిగానే ఉండును. కాని చెవి వినబడని బిడ్డకు ఆ మాటవలన నేర్చుకొనవలసిన వయస్సే పోవును. వినికిడి లేని పసిబిడ్డ కూడ ఊకొట్టును, నవ్వును. పళ్లెము మోగించినప్పుడు చేతి కదలిక చూచి తిరుగును. అందుచేత ఇంటి పరీక్షను నమ్మరాదు. వచ్చిన మాటలు పోయినయెడల ఏ వయస్సులోనైనను ఆగవద్దు, వెంటనే చూపవలెను.

తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు ఏమి రావలెనో బొమ్మలతో ఉన్నది. టీకాల పుట తప్ప మనము మరొకటి తెరువము! 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను బడులలోను పిల్లలను ఉచితముగా పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రమునకు పంపుదురు.

చిన్నబిడ్డకు చెవి పరీక్ష అనిన తల్లులు భయపడుచున్నారు. బిడ్డను నిద్రపుచ్చి, తలమీద సన్నని తీగలు అంటించి, చెవిలో శబ్దము వినిపించి, మెదడు దానిని అందుకొనుచున్నదో లేదో యంత్రముపై చూతురు. నొప్పి ఉండదు. బిడ్డ ముందురాత్రి తక్కువ నిద్రపోయిన, అక్కడ త్వరగా పడుకొనును.