బడి కుక్కకు వీడ్కోలు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవమంటే గురువుల గురించి, వాళ్ల బెత్తాల గురించి, పదో తరగతి ఫలితాల గురించి చెప్పుకోవడం ఆనవాయితీ. అవి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. పశువుల దవాఖానలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, హాజరు పట్టీలో పేరు లేకున్నా ఒక్కరోజూ నాగా పెట్టకుండా బడికి వస్తున్న ఒకరి గురించి మాట్లాడతాను. అది పిల్లలు 'చుక్కి' అని పిలుచుకునే మన బడి కుక్క. నొసట తెల్ల మచ్చ ఉంది కాబట్టి ఆ పేరు.

పోయిన నెల హెడ్మాస్టర్ గారు ఫోన్ చేశారు. "డాక్టర్ గారూ, చుక్కిని పంపక తప్పేట్టు లేదు. పిల్లలకు ఎట్లా చెప్పాలో తెలుస్తలేదు" అన్నారు. కారణం మీరు పేపర్లలో చదివే ఉంటారు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. విద్యాసంస్థలు, దవాఖానలు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధి కుక్కలను తరలించాలని, ఆపరేషన్ చేసి టీకా వేశాక కూడా వాటిని తిరిగి అదే చోట వదలవద్దని అందులో ఉంది.

"ఎన్నడూ ఎవరినీ కరవని కుక్క అది. దాన్నెందుకు పంపాలి?" అని మన సంఘం మిత్రులే కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క చుక్కిని చూసి చెప్పేది కాదు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. రేబిస్ ఉందని అనుమానించే జంతువులు కరిచినవాళ్లలో నూటికి 40 మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు వంగి ఆడతారు, కుక్క ముఖానికి దగ్గరగా ముఖం పెడతారు. గీరుకుపోతే ఇంట్లో తిడతారని దాచిపెడతారు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తన రేబిస్ టీకాను మొదట వేయించింది కూడా ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికే. జోసెఫ్ మైస్టర్ అనే ఆ పిల్లవాడు బతికాడు. అప్పటి నుంచి ఈ జబ్బుకు మందు లేకున్నా అడ్డుకట్ట ఉంది. వందల మంది పిల్లలు తిరిగే చోట ఆ అడ్డుకట్టను గట్టిగా కట్టాలనడం తప్పు కాదు.

అయితే పంపడం వేరు, పారేయడం వేరు. ఆ తేడా మా తరం పిల్లలకు బాగా తెలుసు.

మేము చదివేటప్పుడు మన వరండాలో 'మోతి' అని ఒక కుక్క ఉండేది. గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి పాలు ఇచ్చే రోజులవి. మా చేతుల్లో మిగిలింది మోతికే. క్రషింగ్ సీజన్‌లో చెరకు బండ్లు రోడ్డు మీద పోతుంటే మేము గడలు గుంజడానికి ఉరికేవాళ్లం, అది మా వెనక ఉరికేది. ఒక సోమవారం అది రాలేదు. "ఎటో పోయింది, అదే వస్తది" అన్నారు పెద్దలు. ఊర్లో కుక్కలకు మందు పెట్టారని చాలా రోజుల తర్వాత కాలువ పనికి పోయినవాళ్లు చెబితే తెలిసింది. ఎవరు పెట్టారన్నది ఇప్పుడు తవ్వుకోవాల్సిన పని లేదు. కానీ ఆ మధ్య రోజులన్నీ మేము రాయి మీద ఉప్మా పెట్టి చూస్తూనే ఉన్నాం. పిల్లల్ని ఎక్కువ బాధపెట్టింది ఆ ఎదురుచూపే.

చెప్పకుండా పోవడం ఎట్లా ఉంటదో ఈ చెరకు నేలకు వేరే చెప్పనక్కర లేదు. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడ్డది. దాని కూత విని పొద్దు లెక్కపెట్టుకున్న ఇండ్లు ఎన్నో. అట్లాంటి మనం పిల్లలకు సరిగ్గా వీడ్కోలు చెప్పడం నేర్పకపోతే ఎవరు నేర్పుతారు?

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. దాన్ని వదిలి రమ్మంటే స్వర్గమే వద్దన్నాడాయన. నమ్మి వచ్చినదాన్ని నడిదారిలో వదలకపోవడం ధర్మమని మన పెద్దలు ఆనాడే తేల్చారు.

కాబట్టి మేము ఆలోచించిన దారి ఇది. అదే సంవత్సరం ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, వీధి కుక్కలను దత్తత తీసుకోవచ్చని, అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు చెప్పింది. మన మధ్యాహ్న భోజనం వండే అక్క చుక్కిని తమ ఇంట్లో పెంచుకుంటానని ముందుకొచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా నేను దగ్గరుండి చేయిస్తాను. ఏటేటా వేయించాల్సిన టీకా ఖర్చు మన సంఘం భరించాలని కోరుతున్నాను.

ఇంకో పని కూడా ఉంది. ఒక కుక్కను పంపినా తిండి దొరుకుతుంటే ఆ చోటుకు ఇంకోటి వస్తుంది. ఎంగిలి మెతుకులకు మూత ఉన్న డబ్బా, వెనక ప్రహరీకి పడ్డ సందు పూడ్చడం, గేటుకు గొళ్లెం: ఈ మూడూ లేకుండా చుక్కిని పంపితే అది వృథా ప్రయాస. మా బ్యాచ్ ఆ గోడ పని చేయిస్తుంది.

టీచర్లకు ఒక మనవి. "చుక్కి ఎటో పోయింది" అని మాత్రం చెప్పకండి. ఏ రోజు పోతుందో, ఎవరింటికి పోతుందో, ఎందుకు పోతుందో ముందే చెప్పండి. ఏడ్చే పిల్లలను ఏడవనివ్వండి. చిన్న తరగతుల వాళ్లు బొమ్మలు గీస్తారు, పెద్దవాళ్లు నాలుగు మాటలు రాస్తారు. అదే రోజు ఒక పాఠం కూడా చెప్పండి. ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. ఇంట్లో దాచకుండా చెప్పి, ఆ రోజే సర్కారు దవాఖానకు పోయి టీకా వేయించుకోవాలి. చెప్పిన తేదీలకు అన్ని టీకాలూ పూర్తి చేయాలి. చుక్కి పేరు మీద నేర్చుకున్న ఈ పాఠం పిల్లలు మరిచిపోరు.

పిల్లలారా, చుక్కి మీ మీద అలిగి పోతలేదు, మీరు తప్పు చేసినందుకూ పోతలేదు. దానికి ఒక ఇల్లు దొరికింది. అక్క ఒప్పుకుంటే ఆదివారాలు పోయి చూసి రావచ్చు. కానీ బడికి మాత్రం వెంట తీసుకురావద్దు.

వచ్చే శనివారం ఆఖరి గంట కొట్టాక చుక్కిని గేటు దాకా సాగనంపుతాం. పూర్వ విద్యార్థులు కూడా రావాలని కోరుతున్నాను.