కార్డు ముందు, పాలసీ తరువాత

(కుటుంబ ఆరోగ్యంపై జరిగిన మహల్లా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య బీమా గురించి మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము వైద్యులము కాము, బీమా ఏజెంట్లము అంతకన్నా కాము. ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తులు, దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపి, పదవీ విరమణ తరువాత మహల్లాలో కార్డుల పనులు, ఆసుపత్రి పనులు చూస్తున్నవాళ్ళం. కనుక మేము చెప్పగలిగేది కాగితాల గురించి, అవి ఆపద సమయంలో రోగికి అక్కరకు వచ్చే తీరు గురించి.

‘ఆరోగ్యశ్రీ ఉండగా ప్రైవేటు పాలసీ ఎందుకు?’ అని మనలో కొందరు అంటున్నారు. ‘సర్కారు కార్డుతో పని జరగదు, పాలసీ ఒక్కటి ఉంటే చాలు’ అని మరికొందరు అంటున్నారు. ఈ రెండు మాటల వల్లా కుటుంబాలు నష్టపోతున్నాయి. మా మనవి ఒక్కటే. ప్రభుత్వ వైద్యం మన హక్కు. ముందు దానిని చక్కబెట్టుకోవాలి. ఆ హక్కు అందని చోట ఆదుకోవడానికి మాత్రమే ప్రైవేటు బీమా.

మన హక్కుల లెక్క ఒకసారి చూద్దాం. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పటినుంచి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో నేడు అది ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా పేదవాని హక్కు మారలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో పరిమితిని 25 లక్షలకు పెంచారు. కేంద్రం 2018లో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షలు వర్తిస్తాయి. 2024లో దానిని 70 ఏళ్ళు నిండిన వృద్ధులందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా విస్తరించారు. మీ ఇంట్లో ఆ వయసు పెద్దలుంటే ఆధార్ తీసుకుని వెళ్ళి నమోదు గురించి విచారించండి.

దుకాణాల్లో, షోరూముల్లో, చిన్న కర్మాగారాల్లో పనిచేసే మన పిల్లలకు మరో హక్కు ఉంది. నెల వేతనం 21,000 రూపాయలకు మించని ఉద్యోగికి, అతడు పనిచేసే సంస్థ చట్టం పరిధిలోకి వస్తే, ఈఎస్ఐ తప్పనిసరి. ఉద్యోగి వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ స్వల్ప మొత్తంతో ఉద్యోగికే కాక అతనిపై ఆధారపడిన కుటుంబానికీ వైద్యం అందుతుంది. ‘మా సేట్ మంచివాడు, అడిగితే బాగుండదు’ అని మొహమాటపడేవారు ఆ మంచితనాన్ని ఈఎస్ఐ నంబరు రూపంలో ఇమ్మని అడగాలి.

ఇక మన కుటుంబాలను ప్రత్యేకంగా వేధించే చిక్కు ఒకటుంది. అది పేరు. ఒకే మనిషి ఆధార్‌లో ‘షేక్’, రేషన్ కార్డులో ‘ఎస్.కె.’ అని ఉంటాడు. ఒక చోట ‘మహమ్మద్’, మరో చోట ‘ఎం.డి.’ అని ఉంటుంది. ఆడపడుచుల విషయం మరీ కష్టం. పుట్టింట ‘బీ’ అని నమోదైన పేరు అత్తింట ‘బేగం’ అవుతుంది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పుట్టింటి కార్డులోనే పేరు మిగిలిపోతుంది, పుట్టిన పిల్లలు ఏ కార్డులోనూ ఉండరు. రోగిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పేరు దిద్దించుకోవడానికి పరుగెత్తడమంటే దాహం వేసినప్పుడు బావి తవ్వడమే. ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళగానే ఆధార్, రేషన్ కార్డు, పాన్ కార్డు పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. ప్రైవేటు పాలసీ తీసుకున్నా ఇదే పేరు, ఇదే తేదీ అడుగుతారు.

సర్కారు కార్డు సరిగా ఉన్నప్పుడు ఇంకేమి లోటు అని అడగవచ్చు. లోటు ఉంది. జాబితాలో ఉన్న చికిత్సలకే పథకం వర్తిస్తుంది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కార్డు చెల్లదు. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆదాయం పరిమితి దాటిన చిన్న వ్యాపారికి, ప్రైవేటు ఉపాధ్యాయునికి కార్డే దొరకదు. ఉద్యోగం ఉన్నంతకాలం కంపెనీ బీమా ఉన్నవాడు ఉద్యోగం పోయిన నాడే బీమా కూడా కోల్పోతాడు. గల్ఫ్‌లో పనిచేసే మన సోదరుల స్థితి కూడా ఇదే. అక్కడి యజమాని ఇచ్చిన బీమా అక్కడితోనే సరి. యాభై ఏళ్ళ వయసులో షుగరుతో తిరిగి వచ్చాక కొత్త పాలసీ తీసుకుంటే, ఆ జబ్బుకు వర్తించడానికి మూడేళ్ళ వరకు వేచి ఉండవలసి రావచ్చు. అందువల్ల గల్ఫ్‌లో సంపాదన ఉన్నప్పుడే, ఆరోగ్యం బాగున్నప్పుడే ఇక్కడ కుటుంబం పేర పాలసీ ప్రారంభించడం వివేకం.

ప్రైవేటు పాలసీ ఎవరికి అవసరమో దీన్నిబట్టి తేలుతుంది. కార్డు ఉండి, రోజు కూలితో గడిచే కుటుంబం పిల్లల ఫీజు ఆపి ప్రీమియం కట్టనవసరం లేదు. కార్డుకు అర్హత లేక, పెద్ద బిల్లు వస్తే ఇల్లో నగలో తాకట్టు పెట్టవలసి వచ్చే మధ్యతరగతికి అది అత్యవసరం. కంపెనీ బీమా మీదనే ఆధారపడినవారికి కూడా సొంత పాలసీ ఉండడం మంచిది.

తీసుకునేవారు కొన్ని సంగతులు గమనించాలి.

మొదటిది, ఉన్న జబ్బును దాచరాదు. ‘షుగరు రాయకండి, ప్రీమియం పెరుగుతుంది’ అని ఏజెంటు సలహా ఇస్తే ఆ సలహా వినకండి. క్లెయిమ్ వచ్చిన నాడు ఆసుపత్రి రికార్డులో పాత జబ్బు బయటపడుతుంది, నష్టపోయేది ఏజెంటు కాదు. 2024 నిబంధనల ప్రకారం పాత జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించరాదు. పాలసీ ఐదేళ్ళు ఎడతెగకుండా నడిస్తే, ఆ తరువాత మోసం నిరూపితమైతే తప్ప, ఫలానా సంగతి చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించరాదు. గడువు తప్పకుండా పునరుద్ధరించడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించండి.

రెండవది, గది అద్దె పరిమితి. 3 లక్షల పాలసీలో అద్దె పరిమితి ఒక శాతం అనుకుందాం, అంటే రోజుకు 3,000. రోగిని 6,000 గదిలో చేర్చితే పోయేది అద్దెలో తేడా ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చుల్లో కూడా సగమే చెల్లించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

మూడవది, తిరిగి ఇచ్చే వెసులుబాటు. పాలసీ పత్రం చేతికి అందిన 30 రోజుల లోపు షరతులు నచ్చకపోతే దానిని వాపసు చేయవచ్చు. ఆ నెల రోజులూ పత్రాన్ని బీరువాలో పెట్టకుండా ఇంట్లో చదువుకున్న అమ్మాయి చేతనో అబ్బాయి చేతనో చదివించండి.

నాలుగవది, ధర. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై 18 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు. పాలసీలు పోల్చి చూసుకోలేనివారు ‘ఆరోగ్య సంజీవని’ అనే ప్రామాణిక పాలసీని అడగవచ్చు. ఏ సంస్థ వద్ద తీసుకున్నా దాని షరతులు ఒకటే, ప్రీమియంలోనే తేడా. అయితే ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనమే భరించాలి.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే విధి అని ఊరుకోకండి. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర లేదు. సంస్థ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్ళాలి.

ఇక మనలో చాలామంది మనసులో ఉండి పైకి అడగని ధర్మసందేహం. వాణిజ్య బీమాలో వడ్డీ, అనిశ్చితి ఉన్నాయని ఉలమాలు అభ్యంతరం చెప్పారు. 1985లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సహకార పద్ధతిలోని బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. మలేషియా 1984లోనే తకాఫుల్ చట్టం చేసింది. మన దేశంలో ఆ మార్గం సామాన్యునికి అందుబాటులో లేదు. ఈ పరిస్థితిలో ఏమి చేయాలో మేము ఫత్వా చెప్పజాలము. మీరు విశ్వసించే ఆలిమ్‌ను మీ కుటుంబ పరిస్థితి వివరించి అడగండి. ఒక్క మాట మాత్రం చెప్పగలం. ప్రీమియంలో వడ్డీ ఉన్నదని వెనుకాడే కుటుంబమే ఆసుపత్రి గుమ్మంలో నూటికి ఐదు, పది రూపాయల నెల వడ్డీకి అప్పు తెస్తున్నది. ఆ అప్పు గురించి కూడా అదే ఆలిమ్‌ను అడగాలి. ప్రభుత్వ కార్డుకు మనం ప్రీమియం కట్టము కనుక దానిని నిర్లక్ష్యం చేయడానికి ఏ సంకోచమూ కారణం కాజాలదు.

చివరగా, పాలసీ కొన్నవారికి ఒక హెచ్చరిక. చేతిలో పాలసీ ఉన్నదని ప్రభుత్వ ఆసుపత్రి గోడు మనకెందుకు అనుకోరాదు. ఉస్మానియా, నిలోఫర్, గుంటూరు జనరల్ ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్ బలహీనపడితే మొదట నష్టపోయేది మన బస్తీలే. షుగరు, బీపీ మాత్రలకు, రోజువారీ ఓపీకి మామూలు పాలసీ పనికిరాదు. అందుకు బస్తీ దవాఖానా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే దిక్కు. నెట్‌వర్క్ ఆసుపత్రుల బకాయిలు సకాలంలో చెల్లించాలని, ఖాళీలు భర్తీ చేయాలని, ఉర్దూ తెలిసిన ఆరోగ్యమిత్రలను నియమించాలని మనం వినతిపత్రాలు ఇస్తూనే ఉండాలి. కార్డు మీద చేర్చుకున్న రోగిని అదనంగా డబ్బు అడిగితే 104కు ఫిర్యాదు చేయాలి.

ప్రతి మసీదు కమిటీ నెలకు ఒక జుమా తరువాత రెండు గంటలపాటు ఒక బల్ల, ఇద్దరు చదువుకున్న యువకులు, మహిళల కోసం ఒక సోదరి, ఇంత ఏర్పాటు చేస్తే మహల్లాలో కార్డు లేని ఇల్లు, పేరు తప్పున్న ఇల్లు ఏదో తెలిసిపోతుంది. బైతుల్‌మాల్ సొమ్ము కార్డు ఉచితంగా చేయించే ఆపరేషన్‌కు ఖర్చు కాకుండా, రోగి వెంట ఉన్నవారి తిండికి, దారిఖర్చులకు, పోయిన కూలికి మిగులుతుంది.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మనకు ముందుచూపును ప్రసాదించుగాక.