సోషల్ పాఠం, మన బస్తీ పిల్లలు
(సమాఖ్య వార్షిక మహాసభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల వసూళ్ళు ఇంతకుముందే చదివారు. మాకు అప్పజెప్పింది బడి సంగతి. పోయిన మహాసభలో ఒక అక్క లేచి అడిగిన మాట అందరికీ యాది ఉండే ఉంటుంది. “పిల్లలకు కూడికలు రావు, ఇంగ్లీషు రాదు. మీరేమో శనివారం వస్తే కథలు, కోటలు అంటరు. రాజుల ముచ్చట్లతోని కడుపు నిండుతదా?” అని. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. ఈ ఏడాది ఏం చేశామో చెప్తాం, అదే జవాబు అనుకోండి.

మన సర్కారు బడుల్లో ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం అని ఒక పుస్తకం. చెట్టు, తిండి, ఊరు, పాలన, పాతకాలం సంగతులు అన్నీ అందులోనే. సోషల్ వేరే పుస్తకంగా వచ్చేది ఆరో తరగతిలోనే. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయమని ఆ పుస్తకంలో ఉంటుంది. పిల్ల వచ్చి అడిగితే మనం ఏమంటున్నాం? “నాకేం తెల్సు బిడ్డా, గైడు చూసి రాసుకో.” మేమూ అట్లా అన్నవాళ్ళమే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మనది ఫిలింనగర్. నాన్న సెట్టింగు పనికి పోతాడు, అమ్మ జూబ్లీహిల్స్ బంగళాల్లో పనికి పోతుంది, పక్కింటామె జూనియర్ ఆర్టిస్టు. నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు శనివారం క్లాసులో లేచి, “కోటలు మా నాయినే కడ్తడు. పదిరోజుల్ల కడ్తడు, షూటింగ్ అయినంక ఇరగ్గొడ్తరు” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే వాడు చూసిందే వాడు చెప్పాడు. ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కోట వాడికి తెలుసు. షేక్‌పేట దాటితే గోల్కొండ, అక్కడికి మాత్రం వాడు ఎన్నడూ పోలేదు.

అందుకని తీసుకుపోయాం. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినబడుతుందని అందరికీ తెలిసిందే, పిల్లలు చేతులు నొచ్చేదాకా కొట్టారు. ఆ పిల్లవాడు మాత్రం గోడ దగ్గరికి పోయి వేలి కణుపులతో కొట్టి చూశాడు, డొల్లగా మోగుతుందేమోనని. మోగలేదు. “దీన్ని ఎంతమంది కట్టిన్రు? కూలి ఎంత ఇచ్చిన్రు?” అన్నాడు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

మాతో వచ్చిన ఒక పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమెవాళ్ళది రాళ్ళు కొట్టే పని. జూబ్లీహిల్స్‌లో బంగళాలు లేచేటప్పుడు ఆ గుట్టలను పగలగొట్టిన చేతుల్లో ఆమె చేతులూ ఉన్నాయి. రాతి మీద వరుసగా చిన్న గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దింపి, సమ్మెటతో ఒక్కొక్కదాన్ని కొట్టుకుంటూ పోతే, గీత గీసినట్టు బండ ఎట్లా చీలుతుందో చేతులతో చేసి చూపించింది. ఈ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటివని శాస్త్రజ్ఞులు చెప్పే మాట మేం అందుకున్నాం. “గంత పాతదాన్నా మేము పలగ్గొట్టింది!” అని ఆమే ఆశ్చర్యపోయింది. ఆ పూట పాఠం చెప్పింది మా సంఘంలో ఇప్పటికీ నిశానీ పెట్టే మనిషి.

కోటలో పాత మట్టి గొట్టాలు చూసి ఒక ఆడపిల్ల మన నల్లా సంగతి అడిగింది. టాంకరు కోసం బిందెలు వరుసపెట్టి కూర్చునే ఇంటి పిల్ల కదా, నీళ్ళ మాట వస్తే చెవులు నిక్కబొడుచుకుంటుంది. 1908లో మూసీకి వరదొచ్చి హైదరాబాదు మునగడం, ఆ తర్వాత 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, కట్టడం చెప్పాం. ఇప్పుడు నగరానికి మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళు కూడా వస్తున్నాయని చెప్పాం. వచ్చే శనివారానికి పిల్లలు నీళ్ళ దారి గీసుకొచ్చారు. ఒకరి పటంలో గోదావరి టాంకరులోకి దూకుతోంది. తప్పని కొట్టెయ్యలేదు.

ఇక రుద్రమదేవి. 2015లో వచ్చిన సినిమాను టీవీలో చూసిన అయిదో తరగతి పిల్ల కత్తియుద్ధం అంతా చేసి చూపించింది. “ఇదంతా నీకెట్ల తెలిసింది?” అంటే “సినిమాల చూసిన” అంది. “సినిమా తీసినాయనకు ఎట్ల తెలిసింది?” దగ్గర ఆగిపోయింది. నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం దొరికిందని, రుద్రమ 1289లో చనిపోయిందని ఆ రాయి వల్లే తెలిసిందని చెప్పాం. పిల్ల వారమంతా ఆలోచించి మళ్ళీ వచ్చింది. “రాయి మీద రాసెటోళ్ళు అబద్ధం రాయరా?”

ఎమ్మే చదివినవాళ్ళు వేసే ప్రశ్న అది. మేము మన భాషలోనే జవాబు చెప్పాం. తీర్మానాల పుస్తకంలో ఒక అంకె, బ్యాంకు పాసుబుక్కులో ఇంకో అంకె ఉంటే ఏం చేస్తాం? ఏదో ఒకటి నమ్మి ఇంటికి పోము. రెండూ పక్కపక్కన పెట్టి, అప్పు తీసుకున్న మనిషిని కూడా పిలిచి అడుగుతాం. ఆ మాటమీదే మా సంఘం మొదటి తీర్మానాల పుస్తకం తెచ్చి పిల్లల ముందు పెట్టాం. మొదటి పేజీ నిండా నిశానీలే. ఒక పిల్ల వాటిలో వాళ్ళ నాయనమ్మ పేరు వెతుక్కుని, ఆ నీలం మచ్చ మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది.

గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, దానికే వచ్చింది. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికిన పుస్తకం అది. చిన్నపిల్లలు చదివే పుస్తకం కాదు. కానీ ఆ ప్రశ్నలు మన పిల్లలు అడిగేవే.

కూడికల మాట అడిగిన అక్కకు చెప్పాల్సింది ఉంది. 2022 నుంచి బడుల్లో తొలిమెట్టు నడుస్తోంది, చదవడం, లెక్క చెయ్యడం గట్టిపడాలని. అది కావాల్సిందే, మేం కాదనం. మేము అడిగిన ఒక పెద్దసారు “టైము లేదమ్మా” అన్నదీ అందుకే. కానీ కోట గోడ కొట్టి చూసిన పిల్లవాడు వాచకం ముట్టడు. వాడు చెప్పిన మాటలనే చార్టు మీద రాసి పెడితే వేలు పెట్టి చదివాడు, “ఇరగ్గొడ్తరు” దగ్గర తడబడి మళ్ళీ మొదలుపెట్టాడు కూడా.

ఇంకో మాట. ఫోన్లో వచ్చిన ఏదో వీడియో చూసి రెండు గల్లీల పిల్లలు ఒకరితో ఒకరు ఆడటం మానేశారు. పెద్దవాళ్ళమూ మొహాలు తిప్పుకున్నాం. “ఇది ఎక్కడిది, ఎప్పటిది?” అని మొదట అడిగింది రుద్రమ పిల్ల. చూస్తే వేరే ఊరిది, పాతది.

తప్పులూ చేశాం. గోల్కొండకు చాలినన్ని నీళ్ళు తీసుకుపోలేదు, ఇద్దరు పిల్లలకు ఎండ తగిలింది. ఉర్దూ మాట్లాడే తల్లులను ముందుగా పిలవలేదు, వాళ్ళ పిల్లలు మొదటి రెండు వారాలు వెనక కూర్చున్నారు. ఆ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాక మహిళా సంఘాలవాళ్ళే వాటికి పెద్దలు. నల్లా, కరెంటు, మరుగుదొడ్డి చూస్తున్నాం, యూనిఫాం కుడుతున్నాం. పాఠం మాత్రం సార్ల పని అని ఊరుకుంటున్నాం.

ఈ ఏడు ఒక్కో సంఘం నుంచి ఒక్కరు, నెలకు ఒక శనివారం, ఒక గంట ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం. చదువు రాకపోయినా ఫరవాలేదు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, వచ్చినప్పుడు ఇక్కడ ఏముంది, అంతే చెప్పండి.

పిల్లలు గీసిన బస్తీ పటం కమ్యూనిటీ హాలు గోడకు అంటించి ఉంది. చివరి గల్లీ ఖాళీగా ఉంది, అక్కడి నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు. ఆ గల్లీ అక్కలు భోజనాలయ్యాక మా దగ్గరికి రండి. ఎవరి ఇల్లు ఎక్కడో పిల్లలు అడుగుతారు, పెన్సిళ్ళు పట్టుకొని కూర్చున్నారు.